బలిపీఠం వెనక మిహ్రాబ్

పోర్చుగల్ దక్షిణాన, స్పెయిన్ సరిహద్దుకు దగ్గర్లో, గ్వాదియానా నది ఒడ్డున మెర్తులా అనే చిన్న ఊరుంది. సున్నం కొట్టిన తెల్లటి ఇళ్లు, వాటి పైన కోట, కోట కింద చర్చి. ఆ చర్చిలోకి వెళ్తే మొదట అంతా మామూలుగానే కనిపిస్తుంది. బలిపీఠం దాటి దాని వెనక గోడను చూసినప్పుడు మాత్రం కాళ్లు ఆగిపోతాయి. గోడలో ఓ గూడు. దాని లోపల గచ్చుతో దిద్దిన మూడు చిన్న తోరణాలు, పువ్వు రేకుల్లా వంపులు తిరిగిన అంచులు. అది మిహ్రాబ్. నమాజుకు నిలబడినవాళ్లకు మక్కా దిక్కు చూపడానికి మసీదు గోడలో కట్టే గూడు.

ఈ చర్చిని 12వ శతాబ్దం రెండో సగంలో మసీదుగా కట్టారు. 1238లో ఊరు క్రైస్తవుల చేతికి వచ్చాక ఆ కట్టడాన్ని కూల్చలేదు, మేరీమాత పేర చర్చిగా మార్చుకున్నారు. 16వ శతాబ్దం తొలినాళ్లలో దువార్తె ద అర్మాస్ అనే చిత్రకారుడు రాజు ఆజ్ఞ మీద సరిహద్దు కోటలన్నీ తిరిగి బొమ్మలు గీశాడు. అతను గీసిన మెర్తులా బొమ్మలో పక్కపక్కన వరుసగా వాలిన కప్పులతో పాత మసీదు రూపం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తరవాత కప్పు మార్చి, లోపల రాతి నరాల్లా అల్లుకునే కమానులు పెట్టారు. అయినా దాదాపు చతురస్రంగా ఉన్న హాలు అలాగే మిగిలింది. గుర్రపు నాడా ఆకారపు తోరణాలతో నాలుగు ద్వారాలు మిగిలాయి. గోడలోని మిహ్రాబ్ గత శతాబ్దపు మరమ్మతుల్లో మళ్లీ వెలుగు చూసింది. పోర్చుగల్లో మధ్యయుగాల మసీదు ఇంత ఆనవాళ్లతో నిలిచిన చోటు ఇంకొకటి లేదని పురాతత్వవేత్తలు చెబుతారు.

ఆ మసీదు కట్టినవాళ్ల గురించి యూరప్‌లో 'మూర్లు' అన్న మాట తరచూ వినిపిస్తుంది. అది ఒక జాతి పేరు అనుకోవడం పొరపాటు. ఉత్తర ఆఫ్రికా నుంచి 711లో ఐబీరియా ద్వీపకల్పంలోకి వచ్చిన అరబ్బులు, బెర్బర్లు, తరవాత ఇస్లాంలో చేరిన స్థానికులు, వాళ్ల పిల్లలు, మనవలు, అందరినీ క్రైస్తవులు ఆ ఒక్క పేరుతోనే పిలిచారు. వాళ్లు మాత్రం తమ దేశాన్ని అల్ అందలుస్ అన్నారు. దాని పడమటి భాగం 'అల్ గర్బ్', అంటే పడమర. ఈనాడు పోర్చుగల్ దక్షిణ తీరాన్ని అల్గార్వ్ అంటున్నది ఆ మాట నుంచే.

మెర్తులా కథంతా నది చెబుతుంది. గ్వాదియానా దక్షిణానికి పారి అట్లాంటిక్ సముద్రంలో కలుస్తుంది. సముద్రం ఇక్కడికి సుమారు 70 కిలోమీటర్ల దూరం. అయినా పోటు నీరు నదిలోంచి ఎదురెక్కి ఈ ఊరి దాకా వస్తుంది. పడవలవాళ్లు పోటుతో పాటు పైకి వచ్చి, ఆటుతో పాటు కిందికి దిగిపోయేవారు. ఊరు దాటి ఉత్తరానికి వెళ్తే రాళ్లు అడ్డుపడతాయి. ఇంకా పైన పులు దు లోబు, అంటే 'తోడేలు దూకు', అనే జలపాతం నదిని ఇరుకు రాతి గండిలోకి తోసేస్తుంది. పడవ ఆగక తప్పని చోట రేవు వెలిసింది, రేవు చుట్టూ ఊరు పెరిగింది. ఒక పక్క గ్వాదియానా, ఇంకో పక్క దానిలో కలిసే ఒయిరాష్ వాగు, మధ్యలో నిటారు గుట్ట. కోట కట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

రోమన్లు దీన్ని మిర్తిలిస్ అన్నారు. చుట్టుపక్కల గనుల్లోని లోహాలూ, మైదానాల గోధుమలూ ఈ రేవు నుంచే మధ్యధరా సముద్రానికి చేరేవి. రోమ్ సామ్రాజ్యం కూలాక కూడా రేవు చావలేదు. 5, 6 శతాబ్దాల నాటి గ్రీకు సమాధి శాసనాలు ఇక్కడ దొరికాయి. అంటే తూర్పు దేశాల వర్తకులు ఇక్కడ బతికి ఇక్కడే కన్నుమూశారు. ఏడు కొమ్మల దీపస్తంభం చెక్కిన యూదు సమాధి రాయి ముక్క కూడా ఉంది. దాని మీది తేదీ 482వ సంవత్సరానికి చెందింది. క్రైస్తవుల జ్ఞానస్నానపు తొట్టి పక్కనున్న మొజాయిక్ నేల మీద, గ్రీకు వీరుడు బెల్లెరోఫోన్ గుర్రమెక్కి రాక్షస మృగాన్ని చంపుతున్న బొమ్మ కనిపిస్తుంది. ఇస్లాం రాకముందే ఈ ఊరికి నలుగురితో కలిసి బతకడం అలవాటై ఉంది.

అరబ్బుల కాలంలో ఊరి పేరు మార్తులా అయింది. 11వ శతాబ్దంలో కొన్నేళ్లు చిన్న స్వతంత్ర రాజ్యానికి రాజధాని కూడా అయింది. 1044లో సెవిల్ రాజులు దాన్ని కలిపేసుకున్నారు. ఆ వంద ఏళ్లకు ఈ గుట్ట మీద పెద్ద కల్లోలం లేచింది. సిల్వెష్ ప్రాంతానికి చెందిన ఇబ్న్ కసీ సూఫీ గురువు. ఆస్తి వదులుకుని శిష్యుల్ని పోగుచేశాడు, ఆధ్యాత్మిక గ్రంథం రాశాడు. తరవాత కత్తి కూడా పట్టాడు. మొరాకో నుంచి పాలిస్తున్న అల్మొరావిద్‌ల మీద తిరగబడి 1144లో మెర్తులా కోటను పట్టుకున్నాడు, తన పేర నాణేలు వేయించాడు. నిలదొక్కుకోవడానికి మొరాకోలోనే కొత్తగా లేచిన అల్మొహాద్‌ల సాయం అడిగాడు. వాళ్లతో చెడ్డాక పోర్చుగల్ క్రైస్తవ రాజు అఫోన్సు హెన్రికెష్‌తో చేయి కలిపాడు. అది సొంతవాళ్లకు సహించలేదు. 1151లో సిల్వెష్‌లో అతన్ని చంపేశారు. ఇప్పుడు మెర్తులా కోట దగ్గర గుర్రమెక్కిన అతని విగ్రహం ఉంది. కథోలిక దేశంలో, క్రైస్తవులు గెలుచుకున్న కోట ముంగిట, ముస్లిం తిరుగుబాటుదారు విగ్రహం! ఆ ఊరు తన గతాన్ని ఎలా చూసుకుంటుందో ఆ ఒక్క విగ్రహం చెబుతుంది.

1238లో రాజు రెండో సాంచు కాలంలో శాంతియాగు అనే క్రైస్తవ వీరుల సంఘం ఊరిని పట్టుకుంది. కొన్ని దశాబ్దాలు ఆ సంఘానికి ఇదే ముఖ్య స్థావరం. కోటలోని ఎత్తైన బురుజు మీద 1292 నాటి శాసనం ఉంది. 1316లో సంఘం తన స్థావరాన్ని మార్చుకుంది. ఉత్తర ఆఫ్రికాతో ఉన్న పాత వర్తకం సన్నగిల్లింది. మొరాకోలోని పోర్చుగీసు కోటలకు గోధుమలు పంపినన్నాళ్లు రేవు కాస్త కోలుకుంది, ఆ తరవాత నెమ్మదిగా నిద్రలోకి జారింది.

19వ శతాబ్దంలో ఇక్కడికి దగ్గర్లోని సావ్ దొమింగుష్ గనులు మళ్లీ తెరిచారు. బ్రిటిష్ కంపెనీ వచ్చి రాగి, గంధకం ఉన్న ఖనిజాన్ని తవ్వి, రైలు మీద పొమరావ్ రేవుకు చేర్చి, అక్కడినుంచి ఓడల్లో పంపించేది. వేలమందికి పని దొరికింది. 1966లో గని మూతపడింది. ఉన్న పని పోయింది, కొత్త పని రాలేదు. బంజరు నేల, సాగుకు చాలని వాన. జనం లిస్బన్ శివార్లకూ ఫ్రాన్స్‌కూ వలస పోయారు. సుమారు 1,290 చదరపు కిలోమీటర్ల మెర్తులా మున్సిపాలిటీలో 2021 లెక్కల ప్రకారం మిగిలింది ఆరు వేల పైచిలుకు మనుషులే.

పేదరికం ఒక విధంగా ఊరిని కాపాడింది. డబ్బున్న ఊళ్లలో పాత గోడలు కూల్చి కొత్త భవనాలు లేచాయి. ఇక్కడ అలా లేపే స్తోమత ఎవరికీ లేకపోయింది, కాబట్టి మట్టి కిందిదంతా కదలకుండా ఉండిపోయింది.

1974 ఏప్రిల్‌లో పోర్చుగల్లో నియంతృత్వం కూలింది. ఆ తరవాత మెర్తులాకు ఎన్నికైన యువ మేయర్ సెర్రావ్ మార్టిన్స్, లిస్బన్ విశ్వవిద్యాలయంలో తనకు చరిత్ర చెప్పిన క్లావ్దియో తోర్రెస్‌ను ఊరికి పిలిచాడు. నియంతృత్వాన్ని ఎదిరించి ఏళ్ల తరబడి ప్రవాసంలో ఉండి, విప్లవం వచ్చాక తిరిగొచ్చిన చరిత్రకారుడు తోర్రెస్. 1978లో ఆయన ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. మెర్తులా పురావస్తు క్షేత్రం అనే సంస్థ పుట్టింది. వేసవిలో వచ్చి తవ్వుకుని, దొరికింది పెట్టెల్లో సర్దుకుని రాజధానికి వెళ్లిపోయే పద్ధతి ఆయనకు నచ్చలేదు. కుటుంబంతో సహా ఊళ్లోనే కాపురం పెట్టాడు. ఊరి కుర్రాళ్లకు పని నేర్పాడు. దొరికిన వస్తువు దొరికిన ఊళ్లోనే ఉండాలన్నది ఆయన పట్టుదల. 1991లో పోర్చుగల్లోని పెద్ద గౌరవాల్లో ఒకటైన పెస్సోవా బహుమతి ఆయనకు వచ్చింది. ఒక మూల పల్లె తవ్వకాలకు దేశం ఆ స్థాయిలో తల వంచింది.

ఇంతకీ ఏం దొరికింది? బంగారు కిరీటాలు దొరకలేదు. ఇళ్లు దొరికాయి.

కోట గోడకూ చర్చికీ మధ్యన ఉన్న చదునును అల్కాసొవా అంటారు. అక్కడ 12వ శతాబ్దపు చివరి ఇళ్లు, సుమారు ఇరవై, బయటపడ్డాయి. ఊరు చేతులు మారాక ఈ పేట ఖాళీ అయింది, దాని మీద క్రైస్తవుల శ్మశానం వెలిసింది. కొత్త ఇళ్లు లేవలేదు కాబట్టి పాత పునాదులు చెక్కుచెదరలేదు. ప్రతి ఇంటికీ నడుమ ఆకాశం కనిపించే చిన్న వాకిలి, దాని చుట్టూ గదులు. మన మండువా లోగిలి ఎరిగిన వాళ్లకు ఆ ఇంటి లెక్క చిటికెలో అర్థమవుతుంది. వీధి గుమ్మం నుంచి లోపలికి దారి వంకర తిరుగుతుంది, వీధిలో పోయేవాడి చూపు ఇంటి ఆడవాళ్ల మీద పడకుండా. పెద్ద గది చివర పడక కోసం కాస్త ఎత్తుగా కట్టిన అరుగు. ఒక మూల వంటిల్లు, అందులో పొయ్యి. ఇంకో మూల మరుగుదొడ్డి, దాని మురుగు వీధి కాలువలోకి పోయే దారి. ఎనిమిది వందల ఏళ్ల కిందట, రాజ్యపు అంచున ఉన్న చిన్న ఊళ్లో, సామాన్యుల ఇళ్లలో ఈ ఏర్పాటు ఉంది! అదే కాలంలో ఉత్తర యూరప్‌లోని చాలా పట్టణాల్లో మురుగు నడివీధిలోనే పారేది. చూడవచ్చినవాళ్ల కోసం అలాంటి ఇల్లొకటి కొత్తగా కట్టి, పొయ్యి, చాప, కుండలతో సహా అమర్చి చూపిస్తున్నారు.

ఇళ్లలోంచి వచ్చిన మట్టిపాత్రలకు ఊళ్లోని ఇస్లామిక్ కళల మ్యూజియం నిలయం. నూనె దీపాలు, వంటకుండలు, కుంపట్లు, నీళ్ల కాగులు, పింగాణీ మెరుపున్న పళ్లేలు. కొన్ని 'కొర్దా సెకా' అనే పద్ధతిలో చేసినవి. ఆ మాటకు ఎండు తాడు అని అర్థం. మాంగనీసు పొడిని కొవ్వుతో కలిపి, ఆ నల్లటి ముద్దతో పళ్లెం మీద బొమ్మ గీతలు గీస్తారు. గీతల మధ్య ఖాళీల్లో రకరకాల రంగుల గాజుపూత నింపుతారు. కొవ్వు ఒక రంగును ఇంకో రంగులోకి పోనివ్వదు. బట్టీలో కాలినప్పుడు కొవ్వు ఆవిరైపోయి, రంగుల నడుమ తాడు పరిచినట్టు నల్లటి గీత మిగులుతుంది. ఈ మ్యూజియంలో అందరూ వెతుక్కుంటూ వెళ్లేది 11వ శతాబ్దపు గిన్నె ఒకటి. దాని మీద వేట కుక్కా డేగా కలిసి జింక మీదికి దూకుతుంటాయి. నాలుగైదు గీతల్లో ఆ జింక బెదురు పట్టుకున్న చేతిని మెచ్చుకోకుండా ఉండలేం.

ఈ కుండల ఆధారంగానే తోర్రెస్ ఒక వాదం నిలబెట్టాడు. దక్షిణ పోర్చుగల్లోకి ఇస్లాం కత్తి మొన మీద ఒక్కసారిగా వచ్చిపడలేదనీ, రేవులో దిగిన వర్తకులతోనూ ఇరుగుపొరుగు పరిచయాలతోనూ తరాల మీదుగా నెమ్మదిగా పాకిందనీ ఆయన అంటాడు. ఊళ్లో ఉన్నవాళ్లే మెల్లగా మతం మార్చుకున్నారు, తరవాత మళ్లీ మార్చుకున్నారు. కుండ చేసే చేయి మాత్రం మారలేదు. ఈ వాదంతో విభేదించే చరిత్రకారులూ ఉన్నారు. కానీ యుద్ధాల లెక్కలతో మాత్రమే నడిచిన చరిత్రలోకి వంటింటి కుండను సాక్షిగా తెచ్చినందుకు మెర్తులాకు పెద్ద పీట వేయాల్సిందే.

మ్యూజియం అంటే ఇక్కడ ఒక్క భవనం కాదు, ఊరంతా మ్యూజియమే. మున్సిపల్ ఆఫీసు కట్టడాన్ని బాగుచేసేటప్పుడు కింద రోమన్ ఇల్లు బయటపడింది. దాన్ని పూడ్చకుండా ఆఫీసు నేలమాళిగలోనే చూపిస్తున్నారు. పాత కమ్మరి కొలిమిని అలాగే ఉంచారు. తొలి క్రైస్తవుల బసిలికా దొరికిన చోటే ప్రదర్శనశాల అయింది. నేత మగ్గాల గది ఇంకొకటి. అక్కడ ఆడవాళ్లు గొర్రె ఉన్నితో ముదురు రంగుల దుప్పట్లు నేస్తారు, వాటి మీది నక్షీలు ఉత్తర ఆఫ్రికా బెర్బర్ నేతను గుర్తుకు తెస్తాయి. సందులో నడుస్తూ ఒక తలుపు తోస్తే రోమ్, ఇంకో తలుపు తోస్తే అల్ అందలుస్. నది ఒడ్డుకు దిగితే నీళ్లలోకి సాగిన పాత రాతి తోరణాల మొండి కాళ్లు. రేవును కాయడానికీ, ముట్టడి వేళ నీళ్లు తెచ్చుకోవడానికీ కట్టిన నది బురుజు అది. 1876 డిసెంబరులో గ్వాదియానాకు వచ్చిన మహా వరద ఈ ఒడ్డునంతా ముంచెత్తింది, ఆ బురుజు కాళ్లు మాత్రం నిలిచాయి.

తెలుగు పాఠకుడికి ఈ ఊళ్లో చుట్టరికాలు మాటల్లో దొరుకుతాయి. 'అల్కాసొవా' అన్నది అరబ్బీ 'అల్ కసబా'. మన పాత రెవెన్యూ లెక్కల్లో పెద్ద ఊరిని కసబా అన్నదీ ఆ మాటే. ఇక పండ్ల బండి దగ్గరికి వెళ్తే కమలాపండును 'లరాంజా' అంటారు. అది అరబ్బీ 'నారంజ్', పారసీకం 'నారంగ్', సంస్కృతం 'నారంగ', మన నారింజ. దీని వేరు ద్రావిడ భాషల్లో ఉందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. పుల్ల నారింజను ఐబీరియాకు తెచ్చింది అరబ్బులే. తియ్యటి రకాన్ని తరవాత పోర్చుగీసు ఓడలు అంతటా పంచాయి. అందుకే అరబ్బులు ఇప్పుడు కమలాపండును 'బుర్తుకాల్' అంటారు, అంటే పోర్చుగల్! వంకాయది ఇంకా పెద్ద ప్రయాణం. మన దేశం నుంచి పారసీకంలోకి, అరబ్బీలో 'బాదింజాన్'గా, పోర్చుగీసులో 'బెరింజెలా'గా మారి, ఆ పోర్చుగీసువాళ్లతోనే ఓడెక్కి 'బ్రింజాల్' అయి ఇండియాకు తిరిగొచ్చింది. చక్కెరను వాళ్లు 'అసూకర్' అంటారు, అదీ అరబ్బీ గుండా వెళ్లిన మన శర్కరే. 'అల్లా తలిస్తే' అన్న అరబ్బీ మాట కాస్తా 'ఒషలా' అయి, నేటికీ పోర్చుగల్లోని క్రైస్తవుల నోట రోజూ పలుకుతుంది.

తిండిలోనూ ఆ జాడ ఉంది. 'అసోర్దా' ఈ ప్రాంతపు బీదల భోజనం. వెల్లుల్లి, ఉప్పు, కొత్తిమీర రోట్లో నూరి, ఆలివ్ నూనె పోసి, మరిగే నీళ్లు కలిపి, అందులో మొన్నటి రొట్టె ముక్కలు వేసి, పైన గుడ్డు పెడతారు. పేరు అరబ్బుల 'సరీద్' నుంచి వచ్చింది. యూరప్‌లో ఇంత కొత్తిమీర వాడే వంటలు చాలా తక్కువ, కాబట్టి తెలుగువాళ్లకు ఆ వాసనే ఇల్లు గుర్తుచేస్తుంది. మేక జున్నుగడ్డ, తేనె, నది చేపలు కూడా ఇక్కడ రుచి చూడదగ్గవి.

2001 నుంచి రెండేళ్లకోసారి మే నెలలో ఇక్కడ ఇస్లామిక్ ఉత్సవం జరుగుతుంది. ఇరుకు సందుల మీద బట్టల పందిళ్లు కడతారు. మొరాకో వ్యాపారులు తోలు చెప్పులు, ఇత్తడి దీపాలు, మసాలా దినుసులు పరుస్తారు. సంగీత కచేరీలుంటాయి, చరిత్ర ప్రసంగాలుంటాయి. మతాల పేరుతో మనుషులు దూరమవుతున్న రోజుల్లో ఒక కథోలిక పల్లె తన ముస్లిం తాతముత్తాతల పేర పండగ చేసుకోవడం చిన్న సంగతి కాదు. పర్యాటకుల డబ్బు కోసమేనని ఎవరైనా అనవచ్చు. డబ్బూ వస్తుంది, నిజమే. గని మూతపడ్డ ఊళ్లో ఆ డబ్బుతో కొన్ని ఇళ్లలో దీపం వెలుగుతోంది, అందులో తప్పేముంది?

ఊరి చుట్టూ ఉన్న నది లోయను 1995లో ప్రకృతి ఉద్యానంగా ప్రకటించారు. పోర్చుగల్లో అంతరించినంత పనైన ఐబీరియా లింక్స్ అనే అడవి పిల్లిని 2014 చివర్లో మళ్లీ వదిలింది ఈ కొండల్లోనే. వసంతంలో ఊరి పాత గోడల రంధ్రాల్లో చిన్న డేగలు గూళ్లు పెడతాయి.

లిస్బన్ నుంచి మెర్తులా రోడ్డు మీద సుమారు 230 కిలోమీటర్లు. ఊరికి రైలు లేదు. బేజా పట్టణం దాకా వచ్చి బస్సు పట్టుకోవాలి, లేదా కారులో రావాలి. జూలై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రాళ్ల వీధులు పెనంలా కాలతాయి. మార్చి నుంచి మే దాకా మంచి కాలం, గుట్టలన్నీ పూలతో ఉంటాయి. ఉదయం వచ్చి సాయంత్రం పోదామనుకుంటే ఈ ఊరు చిక్కదు, ఒక రాత్రి ఉండాలి. ఒకప్పటి మసీదైన ఆ చర్చిలో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి, ఆ వేళ తప్పించి వెళ్లడం మర్యాద.

చాలామంది కోట బురుజెక్కి, నది ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. అలా వెళ్లకండి. బురుజు దిగాక తవ్విన ఇళ్ల మధ్యకు రండి. ఆ వంటిళ్లలో ఒకదాని పొయ్యి దగ్గర కాసేపు నిలబడి, ఇక్కడ వండుకు తిన్న మనుషుల్ని తలుచుకుని, అప్పుడు చర్చిలోని మిహ్రాబ్ చూడండి.